వృత్తం, త్రిభుజం దాటితేనే బొమ్మ నిలబడుతుంది

పిల్లి బొమ్మ గీయడం నేర్పే వీడియోలు యూట్యూబ్‌లో కొల్లలుగా దొరుకుతాయి. చాలావాటి వరుస ఒకటే. ముందు ఒక పెద్ద గుండ్రం, దాని మీద చిన్న గుండ్రం, చెవులకు రెండు త్రిభుజాలు, తోకకు ఒక వంకర గీత. రెండు నిమిషాల్లో పిల్లి సిద్ధం. పదేళ్ల పిల్లలైనా, యాభై ఏళ్ల పెద్దలైనా ఆ పిల్లిని గీసేస్తారు. గీశామన్న సంతోషమూ నిజమైనదే. కానీ అదే పిల్లి కిటికీ గట్టు మీద ముడుచుకుని పడుకున్నప్పుడో, వెనక్కి తిరిగి వీపు నాక్కుంటున్నప్పుడో గీయమంటే చెయ్యి ఆగిపోతుంది. వీడియోలో చూపించిన గుండ్రాలు, త్రిభుజాలు ఆ పిల్లిలో ఎక్కడా కనిపించవు.

అక్కడికి వచ్చాక కొందరు తమకు బొమ్మలు రావని తేల్చేసుకుంటారు. మరికొందరు ఈ ఆకారాల పద్ధతి చిన్నపిల్లల ఆటేనని, అసలు చిత్రకళకు పనికిరాదని అంటారు. రెండూ నిజం కాదు. ప్రాథమిక ఆకారాలతో మొదలుపెట్టడం చిత్రలేఖనంలో ఎంతో పాతదైన, నమ్మదగిన దారి. చిక్కల్లా ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు కలగలిసిపోవడంలోనే ఉంది. వస్తువుకు బదులుగా ఒక గుర్తు గీయడం ఒక పని. కంటికి కనిపించినదాన్ని కాగితం మీద కొలవడం రెండో పని. కాగితానికి లేని లోతును ఊహించి కట్టడం మూడో పని. వీడియోలు ఎక్కువగా మొదటి పని నేర్పి, మూడో పని వచ్చేసిందన్న నమ్మకం కలిగిస్తాయి. ఎక్కడ ఆగిపోయామో తెలియాలంటే ఈ మూడింటినీ విడదీసి చూడాలి.

గుర్తు, కొలత

మొదటి పని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గుండ్రం మీద రెండు త్రిభుజాలు పెడితే అది పిల్లి అని అందరూ గుర్తుపడతారు. ఏ పిల్లినీ చూడకుండానే దాన్ని గీయవచ్చు. చిన్నపిల్లలకు పెన్సిల్ మీద పట్టు, గీయగలమన్న ధైర్యం దానితో వస్తాయి. కార్టూన్లు, లోగోలు వేసేవారికి జీవితాంతం పనికొస్తుంది. అయితే పిల్లి గుర్తు వచ్చినవారికి మేక గుర్తు మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఎన్ని గుర్తులు నేర్చుకున్నా కళ్లెదుట ఉన్న వస్తువును గీసే శక్తి వాటి నుంచి రాదు.

రెండో పనికి చరిత్ర పెద్దది. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు గోడ మీద ముందు చదరపు గళ్లు గీసుకునేవారు. నిలబడిన మనిషికి పాదాల నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు వరకు 18 గళ్లు. శతాబ్దాల తరబడి అదే లెక్క నడిచింది. మన శిల్పశాస్త్రాల్లో ఆ పని తాళమానం చేసింది. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. నవతాళంలో చేసే విగ్రహం ఎత్తు తొమ్మిది ముఖాలు, అంటే 108 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీద ఉండే అంగుళం కాదు. ఆ విగ్రహం ముఖాన్నే పన్నెండు భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం. అందువల్ల ఒకే లెక్కతో అరచేతిలో ఇమిడే విగ్రహమూ చేయవచ్చు, గోపురం మీద నిలిపే విగ్రహమూ చేయవచ్చు.

13వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో విల్లార్ ద ఒన్నెకూర్ అనే వ్యక్తి గీసుకున్న చిత్రాల పుస్తకం ఒకటి ఇప్పటికీ మిగిలి ఉంది. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం దాన్ని భద్రపరిచింది. అందులో కొన్ని పుటల్లో మనుషుల ముఖాల మీద, జంతువుల ఒళ్ల మీద త్రిభుజాలు, చతురస్రాలు, ఐదు మొనల నక్షత్రాలు గీసి ఉంటాయి. పని తేలిగ్గా సాగడానికి జ్యామితి నేర్పే పద్ధతి ఇదని ఆయనే రాసుకున్నాడు. ఆ త్రిభుజాలు ముఖంలో ఉన్నవి కావు. కళ్లు, ముక్కు, గడ్డం ఎక్కడెక్కడ పడాలో తప్పిపోకుండా ముఖం మీద గీసుకున్న ఆనవాళ్లు.

ఇవాళ నేర్చుకునేవారికి కూడా చదునైన ఆకారాలు ఇలాగే సాయపడతాయి. ఒక అమ్మాయి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉందనుకోండి. చేతిని చూసి చెయ్యి గీయబోతే, మోచెయ్యి ఇలా ఉంటుందని మనసులో ఏనాడో స్థిరపడిన చెయ్యి కాగితం మీదికి వచ్చేస్తుంది. అదే చేతికి, నడుముకు మధ్య మిగిలిన ఖాళీని చూడండి. అదొక త్రిభుజం. దాని ఏ భుజం పొడవు, ఏ మూల ఎంత ఇరుకు అని చూసి ఆ ఖాళీనే గీయండి. చెయ్యి తనంతట తాను సరైన చోటికి వస్తుంది. ఆ ఖాళీ ఎలా ఉండాలో మనసుకు ముందుగా ఏ అభిప్రాయమూ లేదు కాబట్టి కన్ను ఉన్నది ఉన్నట్టు చూస్తుంది. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో ఎత్తును, వెడల్పును పోల్చి చూసుకోవడమూ ఈ పనిలో భాగమే.

కొలత బొమ్మను సరైన చోట నిలబెడుతుంది. కానీ దాన్ని పక్కకు తిప్పలేదు.

కాగితం లోపలికి వెళ్లే ఆకారాలు

16వ శతాబ్దంలో ఇటలీలోని జెనోవాకు చెందిన లూకా కాంబియాసో (1527–1585) వేసిన కొన్ని కలం చిత్రాలు చూస్తే ఇవి నాలుగు వందల ఏళ్ల కిందటివంటే నమ్మబుద్ధి కాదు. తల ఒక పెట్టె, ఛాతీ ఒక పెట్టె, తుంటి ఒక పెట్టె, కాళ్లూ చేతులూ పొడవాటి దిమ్మెలు. కళ్లూ ముక్కూ వేళ్లూ ఏవీ పట్టించుకోలేదు. అయినా ఎవరు ముందుకు వంగారో, ఎవరు పక్కకు తిరిగారో, ఎవరు నేల మీద పడి ఉన్నారో చూడగానే తెలిసిపోతుంది. విల్లార్ త్రిభుజాలకు, కాంబియాసో పెట్టెలకు తేడా ఇక్కడే ఉంది. త్రిభుజాన్ని ఎటు తిప్పినా అది కాగితం మీదే ఉంటుంది. పెట్టెను తిప్పితే అంతవరకు కనిపించని పక్క కనిపిస్తుంది, కనిపించే పక్క సన్నబడుతుంది. బొమ్మలో లోతు మొదలయ్యేది ఆ సన్నబడటంలోనే.

అందుకే నేర్చుకునేవారు వృత్తం, చతురస్రం, త్రిభుజం దగ్గర ఆగకుండా గోళం, పెట్టె, శంఖువు, గ్యాస్ సిలిండర్ ఆకారంలో ఉండే స్థూపం దాకా వెళ్లాలి. 1904 ఏప్రిల్ 15న ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ తన కంటే చిన్నవాడైన చిత్రకారుడు ఎమిల్ బెర్నార్‌కు రాసిన ఉత్తరంలో ప్రకృతిని స్థూపం, గోళం, శంఖువుల ద్వారా చూడమని, అన్నింటినీ పెర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరం వెళ్లేకొద్దీ చిన్నబడుతూ కంటికి కనిపించే తీరులో, ఉంచమని చెప్పాడు. ఆ మాటను తలచుకునేవారు చాలామంది అందులోకి ఘనాన్ని (క్యూబ్‌ను) కూడా చేర్చేస్తుంటారు. సెజాన్ ఆ వాక్యంలో ఘనం లేదు. ఆయన చెప్పిన మూడూ ఒక అక్షం చుట్టూ తిప్పితే పుట్టే రూపాలే. పెర్‌స్పెక్టివ్ అన్న రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే పట్టుకుంటే ఆ సలహాలో సారం పోతుంది.

తిప్పితే పుట్టే రూపాలతోనే బొమ్మలు చేసే ఊరు మనకు ఒకటి ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క పట్టిస్తారు. తిరిగే కర్ర నుంచి గోళం, స్థూపం, శంఖువు, వాటి కలయికలు తప్ప మరొకటి రావడం కష్టం. ఆ హద్దు లోపలే అక్కడి కళాకారులు మనిషినీ పక్షినీ బొంగరాన్నీ రాబడతారు. ఒక చిన్న ఏటికొప్పాక బొమ్మను బల్ల మీద పెట్టుకోండి. తల ఎక్కడ గోళం, ఒళ్లు ఎక్కడ శంఖువు, మెడ ఎక్కడ సన్నటి స్థూపం అన్నది బొమ్మే చెబుతుంది. చుట్టూ తిరిగి చూసినా రూపం పెద్దగా మారదు కాబట్టి కొత్తవారి కన్ను తడబడదు. కొత్తగా నేర్చుకునేవారికి గీయడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తోచదు.

డబ్బాల అర ముందు

గోళం, పెట్టె, స్థూపం వంటి ఘనరూపాలు అంటే ఏమిటో మాటల్లో అర్థమవడం వేరు, చేతికి రావడం వేరు. చేతికి రావడానికి వంటింట్లో స్టీలు డబ్బాలు పేర్చిన అర చాలు.

అర ముందు కదలకుండా నిలబడండి. సరిగ్గా మీ కంటిమట్టంలో ఉన్న డబ్బా మూత అంచు నేరుగా చూస్తే ఒక అడ్డగీత మాత్రమే. మూత గుండ్రంగా ఉంటుందని మీకు తెలుసు, కానీ ఆ గుండ్రం ఎక్కడా కనిపించదు. కింది అర చూడండి. అదే సైజు డబ్బా మూత సన్నటి దీర్ఘవృత్తంగా తెరుచుకుంటుంది. ఇంకా కింద, నేల దగ్గర ఉన్న బియ్యం డబ్బా మూత దాదాపు పూర్తి వృత్తానికి దగ్గరవుతుంది. ఇప్పుడు తల ఎత్తి పై అర చూడండి. అక్కడ మూతలు కనిపించవు, అంచు వంపు మాత్రం తిరగబడి విల్లులా పైకి లేస్తుంది. డబ్బాలన్నీ ఒకటే. మారినదల్లా వాటికీ మీ కంటికీ ఉన్న ఎత్తు తేడా. పెర్‌స్పెక్టివ్ మీద రాసిన లావుపాటి పుస్తకాలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

కింది అరలోని ఒక్క డబ్బానే తీసుకుందాం. మూత కంటే అడుగు కంటిమట్టానికి ఇంకా దూరంగా ఉంది. కాబట్టి అడుగు వంపు మూత వంపు కంటే ఎక్కువగా తెరుచుకోవాలి. కొత్తవారి కాగితం మీద దీనికి సరిగ్గా వ్యతిరేకం కనిపిస్తుంది. మూత బాగా గుండ్రంగా వస్తుంది, అడుగు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వస్తుంది. చిన్నపిల్లలు సాధారణంగా ఇలాగే గీస్తారు, పెద్దలు కూడా గీస్తారు. మూత గుండ్రమన్నది తెలుసు, అడుగు చదునుగా ఆనుతుందన్నది తెలుసు. చెయ్యి ఆ రెండు తెలిసిన సంగతులనూ గీసింది. కంటికి కనిపించినదాన్ని గీయలేదు. పిల్లల బొమ్మలను లోతుగా పరిశీలించిన ఫ్రెంచ్ పరిశోధకుడు జార్జ్ ఆన్రీ లూకే దీన్ని బుద్ధికి సంబంధించిన వాస్తవికత అన్నాడు. పిల్లలు తమకు తెలిసిన నిజాన్ని గీస్తారని ఆయన భావం.

పెద్దలకు కూడా ఇదెందుకు వదలదు? 1931లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ థౌలెస్ ప్రచురించిన ప్రయోగాల్లో దీనికి జవాబు ఉంది. ఏటవాలుగా కనిపించే గుండ్రటి బిళ్లను చూపించి, అది కంటికి ఏ ఆకారంలో కనిపిస్తోందో చెప్పమన్నప్పుడు, మనుషులు కంట్లో పడే అసలు దీర్ఘవృత్తం కంటే గుండ్రంగా ఉన్నదాన్నే చూపించారు. పూర్తి వృత్తమూ కాదు, ఉన్నది ఉన్నట్టూ కాదు, రెండింటికీ మధ్య. వస్తువు నిజ రూపం వైపు మన చూపు ఒరిగిపోతుంది. నిత్యజీవితంలో ఇది మనకు పెద్ద వరం. పళ్లేన్ని ఏ కోణంలో చూసినా గుండ్రటి పళ్లెంగానే గుర్తుపట్టగలుగుతున్నాం. బొమ్మ గీసేటప్పుడు మాత్రం ఇదే అడ్డు పడుతుంది. కాబట్టి దీర్ఘవృత్తం లావుగా వస్తే కన్ను సరిగ్గా లేదని, చెయ్యి తిరగలేదని బాధపడనక్కర్లేదు. అందరి మెదడూ చేసే పనే అది. తెలిసి సరిదిద్దుకోవాలి.

సరిదిద్దుకునే పద్ధతి ఇది. డబ్బా మధ్యగా పైనుంచి కిందికి ఒక పలుచని అక్షరేఖ గీయండి. దానికి లంబంగా, మూత ఉండే చోట ఒక అడ్డగీత, అడుగు ఉండే చోట ఒక అడ్డగీత. ఈ అడ్డగీతల మీద దీర్ఘవృత్తాలు పూర్తిగా గీయండి. అడుగున వెనక భాగం డబ్బా చాటున ఉండి కనిపించదు. అయినా గీయండి. డబ్బా గాజుదైతే ఎలా ఉంటుందో అలా. కనిపించే సగాన్నే గీసేవారికి ఆ వంపు రెండు కొసల దగ్గర విరిగి, చేప కన్నులా కోసుగా వస్తుంది. దీర్ఘవృత్తానికి ఎక్కడా మూల ఉండదు. చేతిని మణికట్టు నుంచి కాకుండా భుజం నుంచి కదిలిస్తూ, కాగితానికి తాకకుండా గాలిలోనే నాలుగైదు సార్లు తిప్పి, ఆ ఊపులోనే పెన్సిల్ ఆనిస్తే వంపు సాఫీగా వస్తుంది. తర్వాత రెండు అంచులనూ నిలువు గీతలతో కలపండి.

ఇప్పుడు ఖాళీ డబ్బాను పక్కకు పడుకోబెట్టి మళ్లీ గీయండి. అక్షరేఖ వాలుతుంది. దీర్ఘవృత్తపు పొడవాటి గీత మాత్రం ఆ వాలిన అక్షానికి లంబంగానే ఉండాలి. ఈ ఒక్క సంబంధం చేతికి పట్టుబడితే బిందె, రోకలి, బండి చక్రం, మోచేతి కింద చొక్కా అంచు, మెడలో గొలుసు అన్నీ అదే లెక్కలోకి వస్తాయి.

పెట్టెల సాధనకు అగ్గిపెట్టె చాలు. దాన్ని ఎలా పట్టుకున్నా ఒకేసారి మూడు ముఖాలకు మించి కనిపించవు. మన నుంచి దూరంగా వెళ్లే అంచులు ఒకదానికొకటి కొద్దికొద్దిగా దగ్గరవుతాయి. కొత్తవారు సరిగ్గా వ్యతిరేకంగా, వెనక్కి వెళ్లేకొద్దీ వెడల్పు చేసేస్తుంటారు.

వెలుగు ఎక్కడ ఆగుతుంది

ఘనరూపాలు తెలిసినవారికి షేడింగ్ సగం వచ్చేసినట్టే. పెట్టె మీద ఒక్కో ముఖం దాదాపు ఒకే రంగులో ఉంటుంది, అంచు దగ్గర వెలుగు ఒక్కసారిగా నీడగా మారుతుంది. స్థూపం మీద వెలుగూ నీడా నిలువు పట్టీలుగా పొడవునా సాగుతాయి. శంఖువు మీద అవే పట్టీలు కొన వైపు సన్నబడుతూ పోతాయి. గోళం మీద వెలుగు అన్ని వైపులకూ మెల్లగా తగ్గుతుంది. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. గోళంలో అన్నిటికంటే నల్లటి చోటు అంచు కాదు, అంచుకు కాస్త ఇవతల. అంచు దగ్గర బల్ల నుంచి తిరిగి పడిన వెలుగు నీడను కొద్దిగా తేలిక చేస్తుంది. అంచునే నల్లగా నింపేస్తే గోళం చదునైన బిళ్లలా అణిగిపోతుంది. ఏ వస్తువుకైనా నీడ వేసే ముందు ఈ భాగం ఏ ఘనరూపానికి దగ్గర అని అడిగితే నీడ ఎటు సాగాలో తెలుస్తుంది. బుగ్గ మీద గోళపు నీడ, ముంజేతి మీద స్థూపపు నీడ, ముక్కు పక్కన పెట్టె నీడ.

గిత్త, దాని గంగడోలు

ఒక్కో రూపం విడిగా వచ్చాక అసలు కష్టం వాటిని కలపడంలో ఉంటుంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ చేసేటప్పుడు చేతుల వంటి భాగాలను విడిగా చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో అతికిస్తారు. అతికిన చోట సందు కనిపించకుండా దాన్నే పూసి సాపు చేస్తారు. గీసేటప్పుడు కూడా రూపాలను పక్కపక్కన పేర్చితే సరిపోదు. ఒకటి ఇంకొకదానిలో ఎక్కడ, ఎంత లోతుగా దిగిందో తేల్చాలి.

ఒంగోలు గిత్తను తీసుకుందాం. పక్క నుంచి గీస్తే చదునైన ఆకారాలతోనే గట్టెక్కవచ్చు. కాబట్టి ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూద్దాం. అన్నిటికంటే పెద్ద ముద్ద పక్కటెముకల గూడు. అది పడుకోబెట్టిన గుడ్డు, సన్నటి కొస ముందుకు ఉంటుంది. దాని వెనక తుంటి ఒక పెట్టె. పెట్టె పై మూలల్లో తుంటి ఎముకలు చర్మం కింద నుంచి స్పష్టంగా పొడుచుకొస్తాయి, కాబట్టి ఇక్కడ గుండ్రం కంటే పెట్టే నయం. ఈ కోణంలో ఛాతీ గుడ్డు తుంటి పెట్టెలో చాలా భాగాన్ని కప్పేస్తుంది. డబ్బా అడుగులాగే కనిపించని భాగాన్ని కూడా పలుచగా గీసి ఉంచాలి, లేకపోతే వెనక కాళ్లు గాలిలో తేలతాయి. మెడ ముందుకు సన్నబడే స్థూపం. తల నుదుటి దగ్గర వెడల్పుగా, మూతి వైపు సన్నగా పోయే పెట్టె. మూపురం భుజాల మీద కూర్చున్న మరో ముద్ద. దాన్ని వీపు గీత మీద తగిలించిన వంపులా గీయకండి. అది రెండు భుజాల మధ్య నుంచి పైకి లేస్తుంది, దానికీ మందం ఉంది.

కాళ్ల దగ్గర అందరూ తికమక పడతారు. ముందు కాలి మధ్యలో మోకాలిలా కనిపించేది ఎముకల లెక్కలో మన మణికట్టు. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చినది మడమ. గిత్త అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది. గిట్టలంటే వేళ్ల కొసలే. ఈ సంగతి తెలిస్తే కాలిని మూడు స్థూపాలుగా విరవడం, ఏ కీలు ఎటు వంగుతుందో గుర్తుంచుకోవడం తేలికవుతుంది. బతికున్న గిత్త కదులుతుంటుంది కాబట్టి ఒకే రాతిలో చెక్కిన లేపాక్షి నందితో మొదలుపెట్టవచ్చు. చుట్టూ తిరిగి ఎంతసేపు కావాలంటే అంతసేపు గీసుకోవచ్చు. దేహాన్ని పెద్ద పెద్ద ముద్దలుగా ఎలా విడదీయాలో ఆ శిల్పి ముందే చేసి చూపించాడు.

ఇంతా చేశాక గంగడోలు దగ్గరికి వస్తాం. గడ్డం కింద నుంచి ఛాతీ దాకా మడతలు మడతలుగా వేలాడే ఆ చర్మానికి గోళం, పెట్టె, స్థూపం ఏదీ సరిపోదు. బలవంతంగా సరిపెడితే గిత్త మెడకు బోర్డు తగిలించినట్టు ఉంటుంది. ఇక్కడ వేరే ప్రశ్న వేసుకోవాలి. ఇది ఎక్కడ పట్టుకుని ఉంది, ఎటు జారుతోంది? మడతలన్నీ పట్టుకున్న చోటు నుంచి బయలుదేరి, బరువు లాగే వైపు పోతాయి. చీర కొంగు, తలపాగా, జడ, అరటాకు ఇవన్నీ ఈ కోవలోవే. ఘనరూపాల పద్ధతికి ఇది హద్దు. ఆ హద్దును మొదటి రోజే చెప్పని శిక్షణ నేర్చుకునేవారికి అన్యాయం చేస్తుంది. కొంగు పెట్టెలో ఇమడకపోతే తప్పు తమదేనని వాళ్లు అనుకుంటారు.

మనిషి తల కూడా కొంత ఇలాంటిదే. అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ (1892–1959) తలను రెండు పక్కలా కొద్దిగా కోసేసిన బంతిగా చూపించి, దానికి దవడను తగిలించాడు. కణతల దగ్గర పుర్రె చదునుగా ఉంటుంది కాబట్టి ఉత్త గోళం కంటే ఇది నిజానికి దగ్గర. కళ్లు తల ఎత్తులో సుమారు సగం దగ్గర ఉంటాయన్నది కూడా దీనితో తేలిగ్గా తెలుస్తుంది. ముఖం అనగానే కళ్లను నుదుటి మీదికి ఎక్కించే అలవాటు చాలామందికి ఉంటుంది.

బిగుసుకుపోయే బొమ్మ

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరాలు రెండు ఉన్నాయి. రెండింటినీ నేను గౌరవిస్తాను.

ఇంగ్లండుకు చెందిన కళా విమర్శకుడు జాన్ రస్కిన్ 1857లో చిత్రలేఖనం నేర్చుకునేవారికి చెప్పిన మాట ఈ పద్ధతికి దాదాపు ఎదురు నిలుస్తుంది. మన కంటికి కనిపించేది రకరకాల రంగుల మచ్చల అమరిక మాత్రమేనని, వాటి వెనక ఉన్న అర్థం తెలియనట్టు చూసే అమాయకపు చూపును చిత్రకారుడు తిరిగి సంపాదించుకోవాలని ఆయన అన్నాడు. గోళాలు, పెట్టెలు అనుకుంటూ చూసేవారు ఎదుట ఉన్న వస్తువును వదిలేసి తమ పెట్టెలనే గీస్తారన్నది నిజమైన ప్రమాదం. కానీ థౌలెస్ ప్రయోగాలు చూశాక అమాయకపు చూపు కోరుకున్నంత మాత్రాన వచ్చేది కాదని ఒప్పుకోవాలి. మెదడు ఎలాగూ ఊహిస్తుంది. ఆ ఊహను కాగితం మీద పలుచని గీతలుగా బయట పెట్టి, ఎదుట ఉన్నదానితో పోల్చి సరిచూసుకునే వీలు ఘనరూపాలు ఇస్తాయి. ఏ రూపమూ ఆజ్ఞ కాదు, అంచనా మాత్రమే. వస్తువు కాదంటే రూపం మారాలి.

బొమ్మలు కర్రబారిపోతాయన్నది రెండో అభ్యంతరం. పెట్టెలు పేర్చడంతోనే మొదలుపెడితే అది నిజమే. దీనికి మందు మన గుళ్లలోనే ఉంది. త్రిభంగంలో నిలిచిన వేణుగోపాలుణ్ణి చూడండి. బరువంతా ఒక కాలి మీద ఉంది. ఆ వైపు తుంటి పైకి లేచింది, దానికి జవాబుగా ఆ వైపు భుజం కిందికి వాలింది, తల మళ్లీ ఇంకో వైపు ఒరిగింది. తల, ఛాతీ, తుంటి అనే మూడు ముద్దలు మూడు వాలుల్లో ఉన్నాయి. ఆ మూడింటి మధ్యగా పైనుంచి కిందికి ఒకే ఒక వంపు గీత జారుతుంది. ముందు ఆ ఒక్క గీత గీయాలి. ఆ తర్వాతే దాని మీద మూడు ముద్దలను మూడు వాలుల్లో గుచ్చాలి. వరుస తిరగబడితే దేవుడు స్తంభంలా నిలబడతాడు. పరిగెత్తే పిల్లవాడికైనా, ఎగిరే కొంగకైనా వరుస ఇదే. ముందు కదలిక, తర్వాత రూపం, వివరాలు ఆఖరున.

కాగితం ముందు కూర్చున్నాక

హెచ్‌బీ లేదా టూబీ పెన్సిల్, చవక కాగితాలు చాలు. పెన్సిల్‌ను కొసకు దూరంగా పట్టుకుంటే గీతలు పలుచగా పడతాయి. మొదటి గీతలు మీకు తప్ప ఎవరికీ కనిపించనంత పలుచగా ఉండాలి. రబ్బరు పక్కన పెట్టేయండి. గీత తప్పితే దాని పక్కనే సరైనది వేయండి. తప్పిన గీత పక్కన ఉంటేనే ఎంత తప్పిందో తెలుస్తుంది.

గుండ్రటి వస్తువుల ఉపరితలం అర్థం కానివారు ఒక కొబ్బరికాయకు నాలుగైదు రబ్బరు బ్యాండ్లు అడ్డంగా, నిలువుగా తొడిగి గీయాలి. బ్యాండ్లు కాయ చుట్టూ ఎలా వంగుతున్నాయో చూసి ఆ వంపులను మాత్రమే గీస్తే, చుట్టూ అవుట్‌లైన్ గీయకపోయినా కాగితం మీద కాయ ఉబ్బి కనిపిస్తుంది. తర్వాత చీర అంచు, చొక్కా చారలు, పులి ఒంటి మీద పట్టీలు గీసేటప్పుడు ఈ అభ్యాసం అక్కరకు వస్తుంది.

మరీ చిన్నపిల్లలకు దీర్ఘవృత్తాల గొడవ వద్దు. వాళ్లు తమకు తెలిసినది గీసే వయసులో ఉన్నారు, దాన్ని తప్పని దిద్దనక్కర్లేదు. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మన్ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం రూపొందించిన ఆట వస్తువుల్లో ఒక గోళం, ఒక స్థూపం, ఒక ఘనం ఉండేవి. వాటిని దొర్లించడం, దారం కట్టి తిప్పడం, ఒకదాని మీద ఒకటి నిలబెట్టడమే పాఠం. పెన్సిల్ రాకముందే చేతికి బరువు, మూల, వంపు తెలియాలని ఆయన ఉద్దేశం. కొయ్య దిమ్మెలు, గోళీలు, డబ్బాలతో ఆడిన పిల్లలకు ఆ పరిచయం ఇంట్లోనే అవుతుంది.

పెద్దవారికి ఒక పరీక్ష చెబుతాను. ఇత్తడి చెంబును ఎదుట పెట్టుకుని శ్రద్ధగా గీయండి. అంచు, మెడ, ఒళ్లు, అడుగు ఏయే రూపాలో తేల్చుకోండి. తర్వాత చెంబును పక్క గదిలో పెట్టి వచ్చి, అది బల్ల మీద పక్కకు పడిపోయి మూతి మీ వైపు తిరిగి ఉంటే ఎలా ఉంటుందో చూడకుండా గీయండి. ఇప్పుడు చెంబును తెచ్చి నిజంగానే అలా పడుకోబెట్టి, మరో కాగితం మీద చూసి గీయండి. రెండింటినీ పక్కపక్కన పెట్టండి. తేడా ఎక్కువగా మెడ వచ్చి ఒంటితో కలిసే చోట తేలుతుంది. మూతి దీర్ఘవృత్తం ఆ మెడను ఎంత కప్పేస్తుందో చూడకుండా గీసినప్పుడు తక్కువగా అంచనా వేస్తాం. మర్నాడు ఆ ఒక్క చోటునే, చెంబును కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక కాగితం నిండా గీయండి.